క్రైస్తవ విశ్వాస సమన్వయంతో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ శిక్షణ

క్రైస్తవ విశ్వాసాన్నీ క్లినికల్ సైకాలజీనీ కలిపి నేర్పే డాక్టరేట్ శిక్షణ ప్రధానంగా అమెరికాలో రూపుదిద్దుకున్న ఉన్నత విద్యా విధానం. మానసిక రుగ్మతలను నిర్ధారించడం, మనస్తత్వ పరీక్షలు జరపడం, చికిత్స చేయడం, పరిశోధన సాగించడం వంటివన్నీ లౌకిక విశ్వవిద్యాలయాల్లో నేర్పినట్టే ఇందులోనూ నేర్పుతారు. వాటికి తోడు బైబిలు, దైవశాస్త్రం, క్రైస్తవ ఆలోచనా చరిత్ర ఉంటాయి. ఈ రెండు జ్ఞానాలకూ ఉన్న సంబంధాన్ని చర్చించే ప్రత్యేక కోర్సులూ ఉంటాయి. ఇక్కడ చదివి బయటికొచ్చేవారు పాస్టర్లు కారు. రాష్ట్ర ప్రభుత్వాలు లైసెన్సు ఇచ్చే సైకాలజిస్టులు. అందువల్ల ఈ కార్యక్రమాలు ఒకవైపు తమను నడిపే క్రైస్తవ సంస్థలకూ, మరోవైపు వృత్తి ప్రమాణాలను నిర్ణయించే లౌకిక సంస్థలకూ జవాబు చెప్పుకోవాలి. ఈ విద్య బలమూ, దాని చుట్టూ ఉన్న వివాదాలూ చాలావరకు ఈ జంట జవాబుదారీ నుంచి వచ్చినవే.

నేపథ్యం

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మనస్తత్వశాస్త్రానికీ మతానికీ సయోధ్య అంతగా లేదు. విలియం జేమ్స్ 1902లో మతానుభవాల వైవిధ్యంపై వెలువరించిన గ్రంథంలో భక్తుల అనుభవాలను సానుభూతితో పరిశీలించాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1927లో మతాన్ని భ్రమగా తేల్చేశాడు. ఆయన మిత్రుడు ఆస్కార్ ఫిస్టర్ మరుసటి ఏడాదే దానికి జవాబు రాశాడు. ఫిస్టర్ స్విట్జర్లాండ్‌లో పాస్టరు, మనోవిశ్లేషకుడు కూడా. విశ్వాసాన్ని వదులుకోకుండానే మనోవిశ్లేషణ చేయవచ్చని ఆయన వాదించాడు. తర్వాతి తరాలు చేపట్టిన సమన్వయ ప్రయత్నానికి తొలి ఆనవాళ్లు ఈ వాదంలో కనిపిస్తాయి.

అమెరికాలో మరో పాయ మొదలైంది. మానసిక వ్యాధితో స్వయంగా ఆసుపత్రి పాలై కోలుకున్న ఆంటన్ బోయిసెన్ 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక వైద్యశాలకు దైవశాస్త్ర విద్యార్థులను తీసుకువెళ్లి, రోగుల మధ్యే వారికి శిక్షణ ఇచ్చాడు. ఆసుపత్రుల్లో పనిచేసే చాప్లిన్లకు నేటికీ ఇస్తున్న క్లినికల్ పాస్టోరల్ శిక్షణకు ఇదొక మూలం. అయితే దాని లక్ష్యం మతసేవకులను తీర్చిదిద్దడమే, సైకాలజిస్టులను తయారు చేయడం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు మానసిక వైద్యం పెద్ద ఎత్తున అవసరమైంది. మాజీ సైనికుల ఆసుపత్రులకు క్లినికల్ సైకాలజిస్టులు కావలసి వచ్చారు. ఈ నేపథ్యంలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) డాక్టరేట్ కార్యక్రమాలకు గుర్తింపు ఇవ్వడం ప్రారంభించింది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం, క్లినికల్ సైకాలజిస్టు పరిశోధకుడిగానూ చికిత్సకుడిగానూ తయారు కావాలని నిర్ణయించింది. 1973లో అదే రాష్ట్రంలోని వేల్ సమావేశం చికిత్సా నైపుణ్యానికి పెద్దపీట వేసే నమూనాను ఆమోదించింది. అప్పటికే 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం డాక్టర్ ఆఫ్ సైకాలజీ, పొట్టిగా సై.డి., అనే కొత్త పట్టాను ప్రవేశపెట్టింది. క్రైస్తవ కార్యక్రమాల్లో ఇప్పుడు పీహెచ్‌డీ, సై.డి. రెండూ ఉన్నాయి.

సువార్తిక ప్రొటెస్టెంటు చర్చిల్లో ఆ రోజుల్లో సైకాలజీ అంటే అనుమానమే ఎక్కువ. ఆ వాతావరణంలోనే 1956లో కాల్వినిస్టు నేపథ్యం గల కొందరు కలిసి, తర్వాత క్రిస్టియన్ అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ స్టడీస్‌గా పేరుపొందిన సంఘానికి పునాది వేశారు.

ప్రధాన సంస్థలు

ఈ రంగంలో తొలి మైలురాయి కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉంది. రేడియో ప్రసంగాలతో ప్రసిద్ధుడైన చార్లెస్ ఫుల్లర్ 1947లో అక్కడ ఫుల్లర్ థియలాజికల్ సెమినరీని స్థాపించాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ప్రాక్టీసు చేస్తున్న సైకాలజిస్టు జాన్ ఫించ్ ప్రోద్బలంతో 1965లో సెమినరీలోనే సైకాలజీ విభాగం తలుపులు తెరిచింది. తొలి డీన్‌గా లీ ఎడ్వర్డ్ ట్రావిస్ వచ్చాడు. ఆయన నత్తిపైనా మాట్లాడే ప్రక్రియపైనా చేసిన పరిశోధనతో అప్పటికే పేరున్న శాస్త్రవేత్త. మతసంస్థలోని విభాగానికి ప్రయోగశాల నుంచి వచ్చిన మనిషిని అధిపతిగా పెట్టడంతోనే దాని దారి ఖరారైంది. పరిశోధన ప్రమాణాల్లో లౌకిక విశ్వవిద్యాలయాలకు తీసిపోకూడదన్నది మొదటి నుంచీ దాని పట్టుదల. 1970ల్లో ఏపీఏ గుర్తింపు దక్కడంతో, సెమినరీలో నడిచే కార్యక్రమం కూడా ఈ ప్రమాణాలను అందుకోగలదని రుజువైంది.

రెండోది రోజ్‌మీడ్. రేడియో కార్యక్రమాల ద్వారా క్రైస్తవ కుటుంబాలకు మనస్తత్వ సలహాలిచ్చిన క్లైడ్ నారమోర్, ఆయన బంధువు బ్రూస్ నారమోర్ కలిసి కాలిఫోర్నియాలోని రోజ్‌మీడ్ పట్టణంలో దీన్ని నెలకొల్పారు. తొలి విద్యార్థులు 1970లో చేరారు. 1977లో అది బయోలా కళాశాలలో విలీనమై లా మిరాడాకు తరలింది. 1973 నుంచి రోజ్‌మీడ్ వెలువరిస్తున్న ‘జర్నల్ ఆఫ్ సైకాలజీ అండ్ థియాలజీ’ ఈ రంగానికి తొలి పరిశోధన పత్రికల్లో ఒకటి. క్రిస్టియన్ అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ స్టడీస్ 1982 నుంచి ‘జర్నల్ ఆఫ్ సైకాలజీ అండ్ క్రిస్టియానిటీ’ని నడుపుతోంది.

ఆరెగన్‌లో పోర్ట్‌లాండ్‌లోని ఒక బాప్టిస్టు సెమినరీ నడిపిన కార్యక్రమం 1990లో న్యూబర్గ్‌లోని జార్జ్ ఫాక్స్ విశ్వవిద్యాలయానికి మారింది. క్వేకర్ సంప్రదాయంలో పుట్టిన సంస్థ అది. షికాగో సమీపంలోని వీటన్ కళాశాల, వర్జీనియా బీచ్‌లో పాట్ రాబర్ట్‌సన్ స్థాపించిన రీజెంట్ విశ్వవిద్యాలయం 1990ల్లో సై.డి. ప్రారంభించాయి. కాలిఫోర్నియాలోని అజూసా పసిఫిక్ కూడా ఈ కోవలోదే. ప్రొటెస్టెంటు సువార్తిక వర్గానికి ఆవల కూడా ఇలాంటి ప్రయత్నాలున్నాయి. అడ్వెంటిస్టుల లోమా లిండా విశ్వవిద్యాలయం, 1999లో వర్జీనియాలో కాథలిక్ దృక్పథంతో మొదలై ఇప్పుడు డివైన్ మెర్సీ విశ్వవిద్యాలయంగా నడుస్తున్న సంస్థ వాటిలో ముఖ్యమైనవి. మానవ వ్యక్తి గురించిన కాథలిక్ తాత్విక భావనను ఈ రెండో సంస్థ తన బోధనకు కేంద్రంగా పెట్టుకుంది.

శిక్షణ క్రమం

పూర్తికాలం చదివితే ఈ డాక్టరేట్‌కు సాధారణంగా అయిదారేళ్లు పడుతుంది. మొదటి రెండేళ్లలో మానసిక రుగ్మతల శాస్త్రం, మెదడు-ప్రవర్తన సంబంధం, వికాస మనస్తత్వశాస్త్రం, గణాంకాలు, తెలివితేటల పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు, చికిత్సా పద్ధతులు చదువుతారు. బైబిలు, దైవశాస్త్రం కోర్సులు వీటి పక్కనే సాగుతాయి. ఫుల్లర్ వంటి చోట్ల ఒక దశలో డాక్టరేట్‌తో పాటు దైవశాస్త్రంలో మాస్టర్స్ పట్టా కూడా తీసుకునే ఏర్పాటు ఉండేది.

తర్వాత ప్రాక్టికం మొదలవుతుంది. విద్యార్థి సంస్థకు చెందిన క్లినిక్‌లోనో, సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో, జైలులోనో, పాఠశాలలోనో లైసెన్సున్న సైకాలజిస్టు పర్యవేక్షణలో నిజమైన రోగులను చూస్తాడు. సెషన్‌ను వీడియోలో రికార్డు చేసి, వారంవారం సూపర్‌వైజర్‌తో కూర్చొని పరిశీలిస్తాడు. ఎక్కడ తొందరపడ్డాడో, ఏ మాటను వినకుండా వదిలేశాడో అక్కడ బయటపడుతుంది. కొన్ని కార్యక్రమాల్లో విద్యార్థి స్వయంగా చికిత్స పొందడం కూడా శిక్షణలో భాగమే.

చివర్లో సిద్ధాంత వ్యాసం, ఒక ఏడాది పూర్తికాల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఇంటర్న్‌షిప్ స్థానాల కేటాయింపు జాతీయ స్థాయిలో కంప్యూటర్ ద్వారా జరుగుతుంది. విద్యార్థులు తమకు ఇష్టమైన కేంద్రాలను, కేంద్రాలు తమకు నచ్చిన విద్యార్థులను వరుసక్రమంలో సూచిస్తే, ఇరువైపుల ఇష్టాలనూ చూసి జత కుదురుస్తారు. క్రైస్తవ సంస్థలో చదివిన విద్యార్థి మాజీ సైనికుల ఆసుపత్రికో, ప్రభుత్వ మానసిక వైద్యశాలకో దరఖాస్తు చేసుకున్నప్పుడు లౌకిక విశ్వవిద్యాలయాల వారితోనే పోటీ పడాలి. మతపరమైన ఏ మినహాయింపూ ఇక్కడ పనికిరాదు.

డాక్టరేట్ చేతికొచ్చినా పని పూర్తికాదు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో లైసెన్సు రావాలంటే మొత్తం 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి. అందులో 1,500 గంటలు డాక్టరేట్ తర్వాతివై ఉండాలి. 225 ప్రశ్నల జాతీయ పరీక్ష కూడా రాయాలి. వాటిలో 175కే మార్కులు ఉంటాయి, మిగతావి భవిష్యత్తు పరీక్షల కోసం పరిశీలించే ప్రశ్నలు.

గుర్తింపు, వృత్తి నియమాలు

ఏపీఏ గుర్తింపు లేని కార్యక్రమంలో చదివినవారికి లైసెన్సు, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం అన్నీ కష్టమవుతాయి. అందుకే మతసంస్థలు కూడా ఈ గుర్తింపు కోసం తమ పాఠ్యక్రమాన్ని, ప్రవేశ విధానాన్ని, విద్యార్థుల ఫలితాలను పరిశీలనకు తెరిచి పెడతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏపీఏ ప్రమాణాలు మతం ఆధారంగా వివక్ష చూపకూడదంటాయి. మతసంస్థలేమో అధ్యాపకుల నుంచి, కొన్నిచోట్ల విద్యార్థుల నుంచి కూడా విశ్వాస ప్రమాణంపై సంతకం కోరతాయి. ఈ సంస్థలు తమ నియమాలను ముందుగానే బహిరంగంగా ప్రకటిస్తే, మతపరమైన అనుబంధం ఆధారంగా ప్రవేశాల్లో, నియామకాల్లో ప్రాధాన్యం ఇచ్చేందుకు అనుమతిస్తూ ప్రమాణాల పత్రంలో ఒక అధోసూచిక ఉండేది. ‘నాలుగో అధోసూచిక’గా పేరుపడిన ఆ నియమాన్ని తొలగించాలన్న ప్రతిపాదన 2001లో చర్చకొచ్చి, పెద్ద వాదోపవాదాల తర్వాత వీగిపోయింది.

మరోవైపు ఏపీఏ నైతిక నియమావళి మతాన్ని సైకాలజిస్టు అర్థం చేసుకోవలసిన మానవ వైవిధ్యంలో భాగంగానే గుర్తిస్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వెలువరించే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పు 1994లో వచ్చినప్పుడు, మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య అనే విభాగాన్ని రుగ్మత కాని సమస్యల్లో చేర్చింది. విశ్వాస సంక్షోభం ప్రతిసారీ జబ్బు కాదని వృత్తి అధికారికంగా అంగీకరించిన సందర్భం అది. 2013లో కసాండ్రా వీటెన్, ఆమె సహచరులు ప్రతి సైకాలజిస్టుకూ మత, ఆధ్యాత్మిక విషయాల్లో ఉండవలసిన 16 సామర్థ్యాలను ప్రతిపాదించారు. ఆ జాబితా విశ్వాసులకూ అవిశ్వాసులకూ సమానంగా వర్తిస్తుంది.

సమన్వయ నమూనాలు

సైకాలజీని, విశ్వాసాన్ని ఏ పద్ధతిలో కలపాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఎరిక్ జాన్సన్ సంపాదకత్వంలో 2010లో వచ్చిన గ్రంథం అయిదు దృక్పథాలను పక్కపక్కన పెట్టింది. రెండింటినీ వేర్వేరు స్థాయుల వివరణలుగా చూడాలన్నాడు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మయర్స్. విజ్ఞానాన్నీ దైవశాస్త్రాన్నీ సంభాషణలో పెట్టి సమన్వయించాలన్నాడు వీటన్‌కు చెందిన స్టాంటన్ జోన్స్. క్రైస్తవ సంప్రదాయంలోనే ఒక సైకాలజీ దాగి ఉందనీ, దాన్ని వెలికితీయాలనీ ఇంకొందరు వాదించారు. సైకాలజిస్టు సొంత ఆధ్యాత్మిక జీవితం మారడమే శాస్త్రానికి ఆధారమన్నది నాలుగో వాదం. అయిదోది బైబిలు ఆధారిత కౌన్సెలింగ్. జే ఆడమ్స్ 1970లో ప్రచురించిన పుస్తకంతో ఊపందుకున్న ఈ ధోరణి, ఆత్మల సంరక్షణ లౌకిక సైకాలజీ చేతిలో కాక చర్చి చేతిలో ఉండాలంటుంది. డాక్టరేట్ కార్యక్రమాలు ఎక్కువగా రెండో దృక్పథం నుంచే పుట్టినా, మిగతా నాలుగింటినీ విద్యార్థులకు చదివిస్తాయి.

విద్యార్థులు సమన్వయాన్ని నిజంగా ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నపై రోజ్‌మీడ్ అధ్యాపకుడు రాండల్ సోరెన్సన్, జార్జ్ ఫాక్స్‌కు చెందిన రాడ్జర్ బఫర్డ్ తదితరులు నాలుగు కార్యక్రమాల విద్యార్థులను పరిశీలించి, 2004లో తుది నివేదిక ప్రచురించారు. పాఠ్యపుస్తకాల కన్నా, సిద్ధాంత నమూనాల కన్నా అధ్యాపకులతో ఏర్పడే అనుబంధమే విద్యార్థులపై బలమైన ముద్ర వేసిందని తేలింది. తన విశ్వాసంలోని సందేహాలనూ ఇంకా తేలని ప్రశ్నలనూ దాచుకోని అధ్యాపకుల దగ్గర విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. ఈ విద్యను ఎంచుకునేవారికీ, నడిపేవారికీ అత్యంత ఉపయోగకరమైన ఫలితం ఇదే కావచ్చు.

చికిత్స గదిలో

ఫుల్లర్ అధ్యాపకుడు సియాంగ్-యాంగ్ టాన్ 1996లో సమన్వయాన్ని రెండు రకాలుగా విడదీశాడు. పరోక్ష సమన్వయంలో చికిత్సకుడు మతాన్ని నోటితో ప్రస్తావించడు. రోగిని గౌరవించే తీరులోనూ మౌనంగా చేసే ప్రార్థనలోనూ అది ఉంటుంది. ప్రత్యక్ష సమన్వయంలో ప్రార్థన, వాక్యపఠనం, క్షమాపణ వంటివి రోగి కోరిక మేరకు, ముందస్తు అంగీకారంతో చికిత్సలో భాగమవుతాయి. రోగి అడగకుండా చికిత్సకుడు తన విశ్వాసాన్ని రుద్దితే అది నైతిక ఉల్లంఘన.

శిక్షణలో తరచూ చర్చించే ఒక పరిస్థితిని దగ్గరగా చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. ఒక స్త్రీ రోజూ గంటల తరబడి పాపాల ఒప్పుకోలు ప్రార్థన చేస్తుంటుంది. మాట తడబడినా, మనసు పక్కకు మళ్లినా మొదటి నుంచి ప్రారంభిస్తుంది. పరిశుద్ధాత్మను దూషించే ఆలోచన తన మనసులోకి వచ్చిందనీ, అది క్షమించరాని పాపమనీ భయపడుతుంది. పాస్టరు దగ్గరకు వెళ్లి ధైర్యం చెప్పించుకుంటే ఒక గంట ఊరట, మళ్లీ మామూలే. దీన్ని మతపరమైన ఓసీడీగా (అదుపు చేసుకోలేని ఆలోచనలు, పదేపదే చేసే పనులతో కూడిన రుగ్మతగా) గుర్తించాలంటే చికిత్సకుడికి జబ్బు లక్షణాలతో పాటు ఆమె సంప్రదాయం కూడా తెలియాలి. ఆమె చర్చిలో మామూలు భక్తి ఎంతవరకు, అనివార్యంగా మారిన ప్రవర్తన ఎక్కడ మొదలవుతుంది అన్నది తేల్చుకోవాలి. భయం కలిగించే ఆలోచనను ఎదుర్కోనిచ్చి, దానికి ప్రతిగా చేసే ప్రార్థనను ఆపించే పద్ధతి ఓసీడీకి బాగా పనిచేస్తుంది. ప్రార్థన ఆపమన్న సలహాను విశ్వాసానికి ద్రోహంగా భావించే రోగికి, అది భక్తిని తీసేయడం కాదనీ, భక్తిని భయం పిడికిట్లోంచి విడిపించడమనీ వివరించగలగడం ఈ శిక్షణ ఇచ్చే నైపుణ్యం. అవసరమైతే రోగి అనుమతితో ఆమె పాస్టరుతో మాట్లాడి, పదేపదే ధైర్యం చెప్పడం జబ్బును పెంచుతుందని తెలియజేస్తారు.

పరిశోధన ఫలితాలు

మతాన్ని చికిత్సలో చేర్చడం వల్ల ప్రయోజనం ఉందా అన్న ప్రశ్నను ప్రయోగాలతో పరీక్షించారు. రెబెకా ప్రాప్‌స్ట్ బృందం 1992లో కుంగుబాటుతో ఉన్న 59 మంది మతవిశ్వాసులపై జరిపిన అధ్యయనంలో, క్రైస్తవ భావనలతో కూర్చిన కాగ్నిటివ్ బిహేవియరల్ చికిత్స మంచి ఫలితాలిచ్చింది. అందులో విశ్వాసులు కాని చికిత్సకులు ఈ పద్ధతిని వాడినప్పుడు కూడా రోగులు చక్కగా కోలుకున్నారు. నైపుణ్యం చికిత్సకుడి మతానికి కట్టుబడి ఉండదన్న సూచన అందులో ఉంది. హెరాల్డ్ కోనిగ్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగంలో, దీర్ఘకాలిక శారీరక వ్యాధులతో పాటు కుంగుబాటు ఉన్న 132 మందిలో మతపరమైన చికిత్సకూ, సాధారణ చికిత్సకూ మొత్తం మీద తేడా కనబడలేదు. మతాన్ని కలిపితే ఫలితం తప్పక పెరుగుతుందని చెప్పలేం. అయితే మతవిశ్వాసికి తన భాషలో అందే చికిత్స సాధారణ చికిత్సకు తీసిపోదని మాత్రం ఈ పరిశోధన సమర్థిస్తుంది.

వివాదాలు

తీవ్రమైన విభేదం లైంగికత విషయంలోనే ఉంది. స్వలింగ సంపర్కం రుగ్మత కాదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో నిర్ణయించగా, ఏపీఏ ఆ తర్వాత దాన్ని సమర్థించింది. లైంగిక ఆకర్షణను మార్చే చికిత్సలు పనిచేస్తాయనడానికి సరైన ఆధారాల్లేవని 2009లో ఏపీఏ కార్యదళం తేల్చింది. మైనర్లకు లైసెన్సున్న వారు అలాంటి చికిత్స ఇవ్వరాదని కాలిఫోర్నియా 2012లో చట్టం చేసింది. అనేక క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో మాత్రం స్వలింగ సంబంధాలను నిషేధించే ప్రవర్తనా నియమావళి కొనసాగుతోంది. ఇలాంటి సంస్థ నుంచి వచ్చిన సైకాలజిస్టు స్వలింగ సంపర్కులకు న్యాయమైన చికిత్స ఇవ్వగలడా అని విమర్శకులు అడుగుతారు. తమ విద్యార్థులు అదే ఇంటర్న్‌షిప్‌లలో, అదే పరీక్షల్లో నెగ్గుకొస్తున్నారని సంస్థలు జవాబిస్తాయి. రెండు వాదాల్లోనూ బలముంది. ప్రవేశ నియమం నిజాయితీగా ప్రకటించడం ఒక ఎత్తు. రోగి ముందు ఆ నియమాన్ని పక్కన పెట్టగలగడం మరో ఎత్తు. రెండోదాన్ని కాగితం మీద హామీతో కాక పర్యవేక్షణలో చేసిన పనితోనే నిరూపించాలి.

విమర్శ మరోవైపు నుంచీ వస్తుంది. సైకాలజీకి ఎక్కువ చోటిచ్చి పాపం, కృప, పశ్చాత్తాపం వంటి భావనలను ఈ కార్యక్రమాలు చికిత్సా పరిభాషలోకి కరిగించేశాయని బైబిలు ఆధారిత కౌన్సెలింగ్ వర్గం ఆరోపిస్తుంది.

భారతదేశంలో పరిస్థితి

మన దేశంలో ఈ రెండు మార్గాలు వేరువేరుగా సాగుతున్నాయి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ అర్హతనే ఆధారంగా తీసుకుంటుంది. పాస్టోరల్ కౌన్సెలింగ్ మాత్రం సెరాంపూర్ సెనేటుకు అనుబంధంగా నడిచే దైవశాస్త్ర విద్యలో ఒక శాఖ. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఆ సెనేటు పరిధిలోదే. అమెరికాలో ఈ డాక్టరేట్ చేసి ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టాలనుకునేవారు, అక్కడి పట్టాకు ఇక్కడి మండలి గుర్తింపు సంగతి చేరకముందే తెలుసుకోవాలి.

అభ్యర్థులు గమనించవలసినవి

గుర్తింపు పొందిన ప్రతి కార్యక్రమమూ ఖర్చు, పట్టాకు పట్టే కాలం, ఇంటర్న్‌షిప్ దొరికినవారి శాతం, మధ్యలో మానేసినవారి సంఖ్య, లైసెన్సు పొందినవారి శాతం వంటి వివరాలను బహిరంగంగా ప్రకటించాలని ఏపీఏ నియమం. విశ్వాస ప్రమాణ పత్రాన్ని చదివే ముందు ఈ అంకెలను చదవడం మంచిది. ఆ తర్వాత అక్కడి అధ్యాపకులతో, పూర్వ విద్యార్థులతో మాట్లాడాలి. తమకు సమన్వయం ఎవరి దగ్గర అబ్బిందని పూర్వ విద్యార్థులను అడిగితే వచ్చే జవాబు, ప్రచార పత్రాల్లో ఉండే మాటలకన్నా నమ్మదగ్గది.